అద్దం మీద ఏమీ లేదు

ఆ చలికాలం మా ఇంట్లోకి భయం కారు ముందు అద్దం మీదుగా వచ్చింది. అంతకు ముందు నాకు పాములంటే భయం, మా అత్త చంద్రమ్మ నోరంటే భయం, అంతే. శుభ్రంగా ఉన్న అద్దాన్ని చూసి భయపడే రోజు వస్తుందని ఎవరైనా చెబితే నవ్వేదాన్ని.

మాది నర్సింహులపేట మండలంలో చిన్న ఊరు. మా ఆయన నారాయణకు ఒక పాత తవేరా ఉంది. జనగామ స్టేషన్ కిరాయి అయినా, భూపాలపల్లి పెళ్లి కిరాయి అయినా ఊళ్లో అందరికీ ముందు గుర్తొచ్చేది ఆయనే. డిసెంబరులో సర్పంచ్ ఎన్నికలు వచ్చాయి. నిలబడ్డ వాళ్లలో ఒకాయన ప్రచారానికి బండి మాట్లాడుకుని, ముందు అద్దం పైభాగం నిండా తన ఫోటో, కత్తెర గుర్తు ఉన్న స్టిక్కర్ అతికించాడు. అతికించిన వాడు ఓడిపోయాడు. ఓడిన మనిషి ముఖం పెట్టుకుని తిరిగితే గెలిచిన వాళ్లు కిరాయికి పిలవరు కదా. అందుకని ఫలితం వచ్చిన తెల్లారే మా ఆయన ఆ స్టిక్కర్ అంచు పట్టుకుని బలంగా లాగాడు. ముఖం ఊడి చేతికి వచ్చింది. బంక అద్దానికే ఉండిపోయింది.

చౌక స్టిక్కర్ బంక అంటే ఏమిటో దాన్ని గీకిన వాళ్లకే తెలుస్తుంది. వేడినీళ్లు పోస్తే మెత్తబడి సాగుతుంది, చల్లారగానే మళ్లీ పట్టుకుంటుంది. మా ఆయన పెట్రోలుతో తుడిస్తే అది పోవడానికి బదులు అద్దమంతా పలచగా పాకింది. వైపర్ తిప్పితే వైపర్ రబ్బరుకూ అంటింది. ఊళ్లో దుమ్మంతా వచ్చి దాని మీదే కూర్చుంది. పొద్దున ఎదురెండ పడితే అద్దం మొత్తం తెల్లగా మెరిసిపోయి రోడ్డు కనిపించేది కాదు. షాంపూ అన్నారు, బూడిద అన్నారు, నిమ్మకాయ అన్నారు. అన్నీ అయ్యాయి. మా అత్త ఓడిపోయినోడి ఏడుపు తగిలిందని బండికి దిష్టి కూడా తీసింది. బంక కదల్లేదు.

చివరికి దాన్ని వదిలించింది నేనే. అంట్లు తోమి తోమి ఆరితేరిన చేతులు ఇవి. ముందు కొబ్బరినూనె దట్టంగా పూసి, పాత చీర ముక్క కప్పి, ఎండలో అరగంట వదిలేశాను. తర్వాత సబ్బునీళ్లు చిలకరిస్తూ, గడ్డం బ్లేడును అద్దానికి దాదాపు ఆనించి పడుకోబెట్టి, ఒకే వైపు మెల్లగా తోశాను. నిలబెట్టి గీకితే అద్దానికి గీతలు పడతాయి. బంక నల్లటి వత్తులుగా చుట్టుకుంటూ వచ్చేసింది. మిగిలిన జిడ్డును, కరోనా నాడు కొన్న శానిటైజర్ అడుగున ఇంకా కాస్త ఉంటే, దానితో తుడిచాను. రెండు పొద్దులు పట్టింది. వేలితో రుద్దితే అద్దం కిచకిచమంది. నేను చేసిన పని నాకే ముద్దొచ్చి ఆయనను కేక వేసి పిలిచాను.

ఆయన వచ్చి స్టీరింగ్ ముందు కూర్చుని అద్దంలోంచి చూశాడు. తల అటూ ఇటూ తిప్పాడు.

“ఇంకా ఉన్నది గదనే,” అన్నాడు.

“యాడున్నది?”

“గీ ఎడమ దిక్కు. పొగ లెక్క కనబడ్తలేదా నీకు?”

నేను మళ్లీ తుడిచాను. మొగుడు మెచ్చుకోలేదన్న కోపంతో ఇంకాస్త గట్టిగానే తుడిచాను. మర్నాడు ఇంకా ఉందన్నాడు. ఆ మర్నాడూ అదే మాట. మరో వారానికి తనే బ్లేడు తీసుకుని, పొద్దున లేవగానే టీ కన్నా ముందు అద్దం దగ్గరికి పోవడం మొదలుపెట్టాడు. ఒకరోజు సాయంత్రం కిరాణా కొట్టు ముందు బండి ఆపి, కొట్టు మీద వెలుగుతున్న బల్బును చూపించాడు.

“సూడు, లైటు సుట్టూ సింగిడి వచ్చింది. అద్దం మీద బంక ఉంటేనే గట్లయితది.”

నేను చూశాను. బల్బు బల్బులాగే ఉంది. దాని చుట్టూ పురుగులు తప్ప ఇంద్రధనస్సూ లేదు, ఏ రంగులూ లేవు. తర్వాత ఆయన బండి దిగి అదే బల్బును మళ్లీ చూస్తూ నిలబడ్డాడు. ఇప్పుడు ఆయన కళ్లకూ దీపానికీ మధ్య అద్దం లేదు. కాసేపు చూసి మళ్లీ బండెక్కి కూర్చున్నాడు. ఇంటికి వచ్చే దారంతా నేను ఆ బల్బు గురించే ఆలోచించాను.

మర్నాడు పొద్దున ఆయన స్నానానికి పోయినప్పుడు, నేను బండి తలుపు తీసి డ్రైవర్ సీట్లో కూర్చున్నాను. పెళ్లయి పదహారేళ్లయింది, నేను ఆ సీట్లో కూర్చోవడం అదే మొదలు. అద్దంలోంచి చూశాను. నీళ్ల ట్యాంకు మెట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టగలిగేలా ఉన్నాయి. దూరంగా పొలం గట్టు మీద కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది. ఎడమ వైపు చూశాను. ఆయన రోజూ గీకే చోట చూశాను. అక్కడ గోడ, గోడ మీద పిడకలు, పిడకల మీద వేళ్ల అచ్చులు కూడా కనిపిస్తున్నాయి.

అద్దం మీద ఏమీ లేదు.

ఆ మాట అర్థమయ్యాక స్టీరింగ్ మీద నుంచి చేతులు తీసేశాను. ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. చెంబులోంచి గ్లాసులోకి నీళ్లు పోస్తూ పక్కన ఒలకబోయడం, గుమ్మానికి ఎడమ భుజం తగిలించుకుని తలుపును తిట్టడం, పలకరించిన మనిషిని చూడకుండా పోయి “ఏందే, నారాయణకు గీర వచ్చిందా” అని ఊళ్లో వాళ్లతో అనిపించుకోవడం. నేను నవ్వుకుని వదిలేసినవన్నీ అప్పుడు వరసగా వచ్చి నిలబడ్డాయి. ఈ మనిషి నిన్న నలుగురిని ఎక్కించుకుని జనగామ పోయి వచ్చాడు.

స్నానం చేసి వచ్చాక అడిగాను, “నీ కండ్లకేమన్న అయిందా?”

“నా కండ్లకు ఏమైతది? పొద్దుమాపు మందు ఏసుకుంటనే ఉన్న గద,” అన్నాడు తువ్వాలతో తల తుడుచుకుంటూ, నా వైపు చూడకుండా.

ఆ మందు సంగతి ఏమిటంటే, మా దగ్గర మిరప తోటల్లో పని చేసే వాళ్లకు కళ్ల మంట మామూలే. రెండేళ్ల కింద కల్లంలో మిరపకాయ బస్తాలు బండికి ఎత్తి కళ్లు చింతనిప్పుల్లా చేసుకుని వస్తే, మా ఊరి ఆర్ఎంపీ డాక్టర్ చందు ఒక చుక్కల మందు ఇచ్చాడు. అది వేసిన గంటకే మంట పోయి కళ్లు తెల్లగా అయ్యాయి. ఇంకేముంది, ఆ సీసా మా ఇంటి దేవుడైంది. అయిపోతే ఖాళీ సీసా తీసుకుపోయి మందుల కొట్లో చూపించడం, కొత్తది తెచ్చుకోవడం. చీటీ అడిగిన వాళ్లు లేరు. బండిలో గేరు పక్కన ఎప్పుడూ ఒక సీసా ఉండేది. ఎవరి కళ్లు ఎర్రబడినా మా ఆయన చెయ్యి దాని మీదికే పోయేది.

ఎవరికైనా చెప్పాలి. కానీ ఏమని చెప్పాలి? ఊళ్లో ఒక్కరి చెవిన పడ్డా ఆ బండి మరి ఎవరూ ఎక్కరు. ఆ బండి ఆగితే మా పొయ్యి ఆగినట్టే. అంతకన్నా పెద్ద భయం వేరే ఉంది. స్టీరింగ్ పట్టుకున్నప్పుడే ఆయన మనిషిలా నడుము నిటారుగా పెట్టుకుని ఉంటాడు. అది లాగేసుకుంటే ఏమైపోతాడో నాకు తెలియదు. రెండుసార్లు మానుకోట కండ్ల దవాఖానకు పోదాం అన్నాను. మొదటిసారి నవ్వాడు. రెండోసారి అన్నం ముందు నుంచి లేచిపోయాడు. మహబూబాబాద్‌ను మేం మానుకోట అంటాం. బస్సెక్కితే గంటన్నర పట్టని ఊరు. మాకు అది అందనంత దూరమైంది.

ఇంతలో మిరప ఏరుళ్లు మొదలయ్యాయి.

పక్క తండా రాధాబాయి మా ఏరుడు గుంపుకు పెద్ద. ఏ తోటకు ఎప్పుడు పోవాలో ఆమె చెప్పినట్టే నడుస్తుంది. ఏటా మా తవేరాలోనే పోతాం. నాతో కలిపి ఆడవాళ్లం పదమూడు మందిమి, ఆయనతో పద్నాలుగు. ఒకరి ఒడిలో ఒకరు కూర్చుని, టిఫిన్ డబ్బాలు కాళ్ల కింద కుక్కుకుని, పొద్దు పొడిచే వేళకు బయలుదేరుతాం. అంతకు ముందు నేను వెనక సీట్లో ముచ్చట్ల మధ్య కూర్చునేదాన్ని. ఆ ఏడు మొదటి రోజే పోయి ముందు సీట్లో ఎడమ వైపు కూర్చున్నాను.

“ఏందో, కల్పనకు మొగని మీద కొత్తగ పావురం పుట్టింది,” అని వెనక నుంచి ఎవరో అన్నారు. మా దగ్గర పావురమంటే ప్రేమ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

బండి ఊరు దాటగానే మాట్లాడటం మొదలుపెట్టాను.

“అగో, లస్మయ్య మామ బర్రెలు గీ పొద్దుగాల్నే రోడ్డెక్కినయ్. ఎడమ దిక్కే ఉన్నయ్, మూడు.”

బండి కాస్త కుడికి జరిగింది.

“గా సైకిల్ మీద పోయేది ఎవరు? గా ముందలున్నాయన. సంచి ఏలాడుతున్నది పాపం.”

బండి మెల్లగా అయింది.

“గీ మోరీ కాడ రోడ్డు కోసుకపోయింది, ఎవ్వరు మట్టి గూడ పొయ్యలే.”

ఇలా. ముచ్చట చెప్తున్నట్టే ఉండాలి, దారి చూపిస్తున్నట్టు ఉండకూడదు. ఆయనకు తెలిసిపోతే నన్ను ముందు సీట్లోంచి దింపేస్తాడు. వెనకున్న వాళ్లకు తెలిసిపోతే వాళ్లే దిగిపోతారు. పోయేటప్పుడు ఏడు కిలోమీటర్లు, వచ్చేటప్పుడు ఏడు. నా గొంతు ఆగకుండా నడిచేది. చెట్టు, గుంత, కుక్క, బడిపిల్లలు, రోడ్డు మీద ఆరబెట్టిన మక్కజొన్నలు, గడ్డి ట్రాక్టరు. మధ్య మధ్య వాటికి ఒక మాట, ఒక విరుపు జోడించి ముచ్చటలా చేసేదాన్ని. తోటకు చేరి కాలు కింద పెట్టాక గాని ఊపిరి నిండా పీల్చుకునేదాన్ని కాదు. మిరపకాయలు తెంపుతూ సాయంత్రం ప్రయాణం తలుచుకుని మళ్లీ భయపడేదాన్ని. రాత్రి పడుకుంటే కళ్ల ముందు రోడ్డే.

సాయంత్రం బండెక్కగానే వెనక నుంచి ఎవరో ఒకరు చెయ్యి చాపేవారు. “అన్నా, గా చుక్కల మందు జర ఇటియ్యి, కండ్లు మండుతున్నయ్.” ఆయన సంతోషంగా ఇచ్చేవాడు. సీసా చేతులు మారేది. తలలు పైకెత్తి ఒకరికొకరు వేసుకునేవారు. ఆ రోజుల్లో నేనూ వేయించుకున్నాను. మంచి మనసున్న మనిషి అని రాధాబాయి ఆయనను ఎన్నిసార్లు మెచ్చుకుందో.

ఫిబ్రవరి మూడో వారంలో ఒక పొద్దున. ఎదురుగా ఎండ. ఒక పల్లె మధ్య నుంచి పోతున్నాం. అక్కడ సిమెంటు రోడ్డుకు ఎడమ సగం మీద మిరపకాయలు పరిచి, బండ్లు తొక్కకుండా అంచున రాళ్లు పేర్చారు. ఎర్రగా ఇల్లంత పొడుగున ఉంది. పక్కన నులక మంచం వేసుకుని ఒక ముసలాయన దుప్పటి కప్పుకుని కావలి కూర్చున్నాడు. నేను దూరం నుంచే చూశాను. చెప్పడానికి నోరు తెరిచాను.

తెరిచిన నోట్లోకి మిరప ఘాటు పోయింది.

దగ్గు వచ్చింది. మామూలు దగ్గు కాదు, పేగులు బయటికి వచ్చే దగ్గు. ఒక్క మాట బయటికి రావడం లేదు. ఎడమ చేత్తో నోరు మూసుకుని, కుడి చేత్తో ఆయన భుజం మీద కొట్టాను. ఆయన రోడ్డు మీంచి చూపు తీయకుండా, “నీళ్లు తాగు, నీళ్లు తాగు,” అన్నాడు. చూపు రోడ్డు మీదే ఉంది. రోడ్డు మీద ఉన్నది మాత్రం ఆయనకు అందలేదు. టైరు మొదటి రాయి ఎక్కింది. బండి ఎగిరి మిరపకాయల్లోకి దిగింది. కింద కాయలు చిట్లుతున్న చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. మంచం ఎదురుగా వస్తోంది. ముసలాయన తల తిప్పి మమ్మల్ని చూశాడు, కానీ లేవలేకపోయాడు.

బండి ఆగింది. మంచం కోడుకూ బండి ముందు భాగానికీ మధ్య జానెడు సందు ఉంది.

ఎవరూ అరవలేదు. పదమూడు మంది ఆడవాళ్లున్న బండిలో ఒక్క గొంతు లేవలేదు. ముసలాయన దుప్పటి తీసి పక్కన పెట్టి, వంగి, చెదిరిన కాయలను దగ్గరికి నూకుకోవడం మొదలుపెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మా ఆయన దిగాడు. ముసలాయన దగ్గరికి పోతాడనుకున్నాను. పోలేదు. బండి ముందుకు వచ్చి నిలబడి, జేబులోంచి బ్లేడు తీశాడు. ఎండలో తళతళలాడుతున్న ఆ అద్దం మీద, ఎడమ వైపు, బ్లేడు ఆనించి గీకడం మొదలుపెట్టాడు.

“గీ బంకతోనే సావొచ్చింది. ఎంత గీకినా పోతలేదు,” అంటున్నాడు. ఎవరితోనో తెలియదు. బ్లేడు నిలబెట్టి గీకుతున్నాడు. అద్దం మీద తెల్లటి గీతలు పడుతున్నాయి.

నేను లోపల కూర్చుని అద్దంలోంచి ఆయన ముఖాన్ని చూశాను. అంత దగ్గరగా, అంత స్పష్టంగా ఎన్నడూ చూడలేదు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. చిన్నపిల్లాడు తప్పు చేసి దొరికినప్పటి ముఖం. నాకు ఏడుపు వచ్చింది, కోపమూ వచ్చింది. దిగి పోయి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

“అద్దం మీద ఏం లేదయ్యా,” అన్నాను.

బ్లేడు ఆగింది. దాన్ని నా చేతిలో పెట్టాడు.

“టైర్ల గాలి తక్కువైంది. మీరు నడుసుకుంట పోండ్రి, తోట ఇంక గీడనే,” అని లోపలున్న వాళ్లకు చెప్పాడు. టైర్లన్నీ నిండుగా ఉన్నాయి. రాధాబాయి వాటి వైపు ఒకసారి చూసి, డబ్బా చంకన పెట్టుకుని దిగింది. ఆమె వెనక అందరూ దిగారు. ముసలాయన కాయలను వాళ్లే మళ్లీ పరిచి, రాళ్లు పేర్చి పెట్టి, తోటకు పోయారు. మధ్యాహ్నం రాధాబాయి భర్త రాంజీ వచ్చి బండిని మా ఇంటికి తోలి పెట్టాడు. ఏమైందని ఆయన కూడా అడగలేదు.

మర్నాడు మానుకోట బస్సెక్కాం. ఈసారి ఆయన అన్నం ముందు నుంచి లేవలేదు. చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చుని, “పోదామా,” అన్నాడు.

కండ్ల డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. ఏవో మిషన్ల ముందు కూర్చోబెట్టి చూసింది. తర్వాత ఆయనకు ఎదురుగా స్టూలు మీద కూర్చుని, ఒక కన్ను మూసుకోమంది. “నా ముక్కు వైపే చూడండి. పక్క నుంచి నా వేలు వస్తుంది. కనబడగానే చెప్పండి,” అంది.

నేను ఆయన వెనక నిలబడ్డాను. ఆమె చెయ్యి పక్కకు చాచి, వేలు ఆడిస్తూ మెల్లగా ముందుకు తెస్తోంది. నాకు మొదటి నుంచీ కనబడుతోంది. ఆయన పలకలేదు. వేలు చెవి దాటింది, దవడ దాటింది. ‘చెప్పు, చెప్పు’ అని లోపల కొట్టుకుంటున్నాను. ఇన్నాళ్లూ చెప్పిన అలవాటుకు నోరు తెరుచుకుని “అగో” అనబోయింది. పెదవులు కొరుక్కుని ఆపుకున్నాను. వేలు దాదాపు ముక్కు ముందుకు వచ్చాక, “ఆఁ, ఇప్పుడు,” అన్నాడు.

డాక్టరమ్మ రెండో కన్ను కూడా చూసింది. అది కాస్త నయం. నేను కొంగులోంచి చుక్కల మందు సీసా తీసి ఇచ్చాను. ఆమె దాన్ని తిప్పి చదివింది.

“ఇది ఎన్ని రోజులు వేసుకోమన్నారు?”

“ఐదు రోజులు మేడం,” అన్నాడు ఆయన.

“మీరు ఎన్ని రోజులు వేసుకున్నారు?”

ఆయన కిందికి చూశాడు. “రెండేండ్లు.”

ఆమె కోప్పడలేదు. ఆ మందు మంటను తగ్గిస్తుంది గాని, అదే పనిగా వేస్తే కంటి లోపల ఒత్తిడి పెంచుతుందనీ, ఆ ఒత్తిడికి చూపు నరం కొంచెం కొంచెంగా చచ్చిపోతుందనీ చెప్పింది. పొగలా కనిపించడం కొంత శుక్లం వల్లనట, దాన్ని ఆపరేషన్ చేసి తీయొచ్చు. పోయిన పక్క చూపు మాత్రం తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవాలి. కొత్త మందు బతికినంత కాలం వేసుకోవాలి.

“డ్రైవింగ్ చేస్తారా?” అని అడిగింది చివరికి, కాగితం మీద రాస్తూ.

“చేసిన మేడం. నిన్నటి దాంక,” అన్నాడు. “పద్నాలుగు మందిమి పోయేటోళ్లం.” ఆమె రాయడం ఆపి ఆయనకు నీళ్లు ఇచ్చింది.

నా కళ్లు కూడా చూపించుకున్నాను. నేను అప్పుడప్పుడే వేసుకున్నాను కాబట్టి ఏమీ కాలేదంది. ఆ మందు వేసుకున్న మిగతా వాళ్లందరినీ తీసుకురమ్మంది.

తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. చాలా దూరం పోయాక, నా వైపు తిరగకుండానే మాట్లాడాడు. “నాకు ఎరుకనే కల్పనా. అద్దం మీద ఉన్నదనుకుంటే గీకితే పోతది. కంట్ల ఉన్నదనుకుంటే ఏం జెయ్యాలె? అందుకే అద్దం మీదనే ఉన్నదనుకున్న.”

ఆయన మీద నాకున్న కోపం ఆ మాటతో పోయింది. భయం కూడా చాలావరకు తగ్గింది. ఇక ఆయన బండి నడపడు, ఎవరికీ ఏమీ కాదు, కడుపు సంగతి తర్వాత చూసుకుందాం అనుకున్నాను. రెండు నెలల తర్వాత ఆ రాత్రి నిద్రపోయాను.

తెల్లారి ఎప్పటిలాగే ఆడవాళ్లంతా డబ్బాలు పట్టుకుని మా ఇంటి ముందుకు వచ్చారు. మా అత్త నన్ను పక్కకు లాగి, “బండి చెడిపోయిందని చెప్పి ఊకో బిడ్డా,” అంది. నేను ఏదో ఒకటి చెప్పడానికి బయటికి వస్తుంటే మా ఆయనే నన్ను దాటుకుని ముందుకు పోయాడు. గేటుకు ఎడమ భుజం తగిలింది. ఈసారి గేటును తిట్టలేదు.

“మీతోని ఒక ముచ్చట చెప్పాలె,” అన్నాడు. “నాకు కండ్లు మంచిగ కనబడ్తలెవ్వు. శాన రోజుల సంది కనబడ్తలెవ్వు. ఎరుకుండి గూడ మిమ్ముల ఎక్కిచ్చుకున్న. ఇగ నా బండి ఎవ్వరు ఎక్కకుండ్రి. నేనిచ్చిన చుక్కల మందు గూడ ఏసుకోకుండ్రి. గదే నా కండ్లు తిన్నది. మీరందరు మానుకోటకు పోయి సూపిచ్చుకోండ్రి.”

అంతే చెప్పి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు.

నేను తిట్లకు సిద్ధపడ్డాను. మా పిల్లలను అనాథలను చేద్దామనుకున్నావా అని ఎవరో ఒకరు అడుగుతారనుకున్నాను. ఎవరూ తిట్టలేదు. రాధాబాయి డబ్బా కింద పెట్టింది.

“మాకు ఎరుకే తమ్మీ,” అంది.

నేను ఆమె వైపు తిరిగాను. “ఎప్పటి సంది, అక్కా?”

“నువ్వు ముందల కూసోని చెప్పుడు మొదలువెట్టినవ్ సూడు, మూడో నాటికే సమజైంది. నువ్వు బర్రె అంటే మేమందరం బర్రె దిక్కు సూసేటోళ్లం, బండి జరిగిందా లేదా అని.”

“మరి ఎందుకు ఎక్కిండ్రు?”

“వేరే బండి యాడున్నది పిల్లా? ఎక్కకపోతే కూలి పాయె. ఈయన మొకం సూసి చెప్పబుద్ధి గాలే.” ఆమె తన వెనకున్న వాళ్ల వైపు చూసింది. “నువ్వు చెప్తున్నవ్ గద. కల్పన చెప్తది, ఏం గాదు అనుకుంట ఎక్కినం. నీ గొంతు ఇనబడ్డంత సేపు మంచిగనే ఉండె. మొన్న నువ్వు దగ్గినవ్ సూడు, గప్పుడు మేమందరం కండ్లు మూసుకున్నం.”

మిగతా వాళ్లు తలలూపారు. ఒకామె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆ భయం నాదొక్కదానిదే అనుకున్నాను నేను. వెనక పన్నెండు మంది ముచ్చట్లాడుకుంటూ నవ్వుకుంటూ వస్తున్నారనుకున్నాను. వాళ్లు నా ఒక్కో మాటా వింటూ కూర్చున్నారట. ఆ మాటల మీద భరోసాతో పిల్లలను ఇంట్లో వదిలి రోజూ బండెక్కారట. నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఒకరోజు ఇంట్లో గొడవ తలుచుకుంటూ చాలా దూరం నోరు విప్పలేదు. ఇంకోరోజు సాయంత్రం అలసిపోయి, మోరీ దగ్గర నుంచి ఊరి దాకా కునుకు తీశాను. మరోరోజు అలిగి, ఆయన తోలుకుంటే తోలుకోనీ అని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

గేటు పట్టుకుందామంటే అందలేదు. అక్కడే మట్టిలో కూలబడ్డాను.

రాధాబాయి వచ్చి నా పక్కన కూర్చుని వీపు నిమిరింది. “ఏడ్వకు పిల్లా. ఎవ్వరికేం గాలే గద,” అంది.

నేను ఏడవడం లేదు. నోరు విప్పని ఆ రోజులను లెక్కపెడుతున్నాను.